పాట ఎక్కడ పగులుతోంది?

సన్నగా పెట్టుకుంటే కమ్మగా ఉంటుంది. కాస్త పెంచితే చెవులు కోసేస్తుంది. ఇంట్లో స్టీరియో ఉన్నవాళ్లు తరచూ చేసే ఫిర్యాదు ఇది. స్పీకర్లు పోయాయని కొత్తవి కొనేముందు ఒక్క ఆదివారం ఇంట్లోనే వెతికి చూడండి. తప్పు చాలాసార్లు మనం అనుకోని చోట ఉంటుంది.

పండక్కి చుట్టాలొచ్చారు. హాల్లోని సౌండ్ బాక్సుల సత్తా చూపిద్దామని ఇంటాయన వాల్యూమ్ పెంచాడు. పల్లవి దాకా బాగానే ఉంది. కోరస్సూ డ్రమ్సూ ఒక్కసారిగా అందుకునేసరికి గాయని గొంతు గీరుకుపోయింది, తాళాల చప్పుడు చెవుల్లో గుచ్చుకుంది, అత్తయ్య చెవులు మూసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ‘స్పీకర్లు పోయినట్టున్నాయి బావా, మార్చెయ్’ అన్నాడొకడు. ‘అదేం కాదు, సాయంత్రం కదా, వోల్టేజీ లేదు’ అన్నాడు ఇంకొకడు. ‘వెయ్యి వాట్ల ఆంప్లిఫయర్ తెస్తే అన్నీ సర్దుకుంటాయి’ అని మూడో ఆయన తీర్పు.

ముగ్గురూ ఊహించి చెప్పినవాళ్లే. పాట ఫోన్లోనో సీడీలోనో బయల్దేరి, ఆంప్లిఫయర్ గుండా స్పీకరులోకి వెళ్లి, గది గోడలకు తగిలి, చెవిలోకి చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా మనకు వినిపించేది ఒక్కటే: కరకు శబ్దం. అయితే ఎక్కడ దెబ్బ తగిలిందో ఆ శబ్దమే చెబుతుంది. మనం అడగాల్సినవి మూడే ప్రశ్నలు. చెడటం ఎప్పుడు మొదలవుతోంది? అన్ని పాటలకా, కొన్నింటికేనా? రెండు పక్కలా, ఒక్క పక్కేనా?

హఠాత్తుగానా, మెల్లమెల్లగానా?

బాగా తెలిసిన పాట ఒకటి పెట్టి, వాల్యూమ్ కొంచెం కొంచెంగా పెంచుతూ వెళ్లండి. ఒక గీత దాకా శుభ్రంగా ఉండి, అది దాటగానే చటుక్కున చెడిందంటే ఏదో ఒకటి తన హద్దు దాటినట్టు. ఆంప్లిఫయర్ దగ్గర శక్తి అయిపోయి ఉండొచ్చు. స్పీకరు కోన్ ఇక కదలలేక కొట్టుకుంటూ ఉండొచ్చు. షోకేసు అద్దం అదురుతూ ఉండొచ్చు.

అలా కాకుండా, సన్నగా ఉన్నప్పుడూ కాస్త పదునుగానే ఉండి, పెంచేకొద్దీ ఆ పదునే ముదురుతోందా? అప్పుడు అనుమానించాల్సింది గదిని, స్పీకరు పెట్టిన చోటును, పాట రికార్డింగును, చివరికి మన చెవిని.

ఇంకో రెండు తీర్లున్నాయి. మొదటి అరగంట బాగుండి, ఆ తర్వాత అదే వాల్యూములో చెడితే కారణం వేడి కావచ్చు. టీవీ యూనిట్లో తలుపు మూసేసి, పైన లేసు గుడ్డ కప్పిన ఆంప్లిఫయర్‌కు మే నెలలో గాలి ఎక్కడినుంచి వస్తుంది? ఇక సన్నగా పెట్టినప్పుడే గరగరలాడి, పెంచితే మెరుగనిపిస్తే లోపలి ట్రాన్సిస్టర్ల బయాస్ తప్పి ఉండొచ్చు. అది మెకానిక్ చూడాల్సిన పని. మీట తిప్పుతున్నంత సేపే గరగరమంటే మాత్రం వాల్యూమ్ కంట్రోల్లో దుమ్ము చేరిందంతే, కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోతుంది.

సగటుకు ఒక వాటు, దెబ్బకు ముప్ఫై

హఠాత్తుగా చెడే కేసుల్లో మొదటి ముద్దాయి ఆంప్లిఫయరే. ఎందుకో తెలియాలంటే చిన్న లెక్క వెయ్యాలి.

ఇళ్లలో వాడే మామూలు స్పీకరుకు ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో సుమారు 87 డెసిబెళ్లు పలుకుతుంది. రెండు స్పీకర్లు, మూడు మీటర్ల అవతల సోఫా అనుకుందాం. ఒక్కోదానికి ఒక్క వాటుతోనే సోఫా దగ్గర దాదాపు 84 డెసిబెళ్లు వస్తాయి. పక్కనున్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సినంత మోత అది.

ఒక్క వాటుకే ఇంత మోత వస్తే వంద వాట్లెందుకు? సంగీతం ఒకే మట్టంలో సాగదు కాబట్టి. మృదంగం మీద పడే అరచేయి, డప్పు మీద పడే చిర్ర, డ్రమ్ము మీద పడే కర్ర ఆ క్షణంలో సగటు కంటే 15 డెసిబెళ్లు పైకి లేస్తాయి. డెసిబెళ్ల లెక్కలో 3 పెరిగితే శక్తి రెట్టింపు కావాలి, 10 పెరిగితే పదింతలు, 15 పెరిగితే ముప్ఫై రెండింతలు. అంటే సగటున ఒక వాటు వాడుకుంటున్న పాట, దెబ్బ పడ్డప్పుడల్లా 32 వాట్లు అడుగుతుంది. ఇప్పుడు పాట ‘రెండింతలు గట్టిగా’ అనిపించాలంటే మరో 10 డెసిబెళ్లు కావాలి. అప్పుడు సగటు 10 వాట్లు, దెబ్బకు 320! ఇంట్లో ఉన్న పెట్టెకు అంత స్తోమత ఎక్కడిది?

ఇవ్వలేనప్పుడు ఆంప్లిఫయర్ ఊరుకోదు. ధ్వని తరంగాన్ని తన చేతనైనంత ఎత్తుకు లేపి, పై కొసను అడ్డంగా నరికేస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. కొస తెగిన తరంగంలో పాటలో లేని కొత్త స్వరాలు పుడతాయి. గాయని 1,000 హెర్ట్జ్ దగ్గర పాడుతుంటే 3,000, 5,000, 7,000 దగ్గర నకిలీ స్వరాలు వచ్చి చేరతాయి. మన చెవి అన్నింటికంటే చురుగ్గా వినేది సరిగ్గా 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్యనే. చెవి కాలువ ఆకారమే ఆ స్వరాలను పెంచి లోపలికి పంపుతుంది. చెత్తంతా చెవికి బాగా నొప్పి తెలిసే చోటే పడుతుందన్నమాట.

నష్టం చెవితో ఆగదు. ఈ పైస్థాయి స్వరాలన్నీ ట్వీటరుకే వెళతాయి. అది కొద్ది వాట్లు తట్టుకునే సన్నని తీగచుట్ట. పైగా 87 డెసిబెళ్ల స్పీకరుకు వంద వాట్లు ఇచ్చినా ధ్వనిగా మారేది అర వాటు కూడా ఉండదు, మిగతాదంతా వేడే. ‘చిన్న ఆంప్లిఫయర్ కదా, స్పీకరును ఏం చేస్తుందిలే’ అనుకుని మీట చివరిదాకా తిప్పే ఇళ్లలో ట్వీటర్లు కాలిపోయేది ఇందుకే.

పెట్టె మీద వెయ్యి, లోపల పన్నెండు

‘మాది వెయ్యి వాట్లది, శక్తి ఎందుకు చాలదు?’ అని అడగొచ్చు. పెట్టె విప్పి చూద్దాం. కోఠి గుజరాతీ గల్లీ నుంచి మండల కేంద్రంలో రేడియో షాపు దాకా ‘4440 ఐసీ’ అంటే మెకానిక్కులందరికీ తెలుసు. కారు స్టీరియోల కోసం జపాన్ కంపెనీ సాన్యో తయారుచేసిన ఎల్ఏ4440 చిప్ అది. దాన్ని బోర్డు మీద బిగించి, ట్రాన్స్‌ఫార్మర్ తగిలించి, చెక్కపెట్టెలో పెట్టిన అసెంబుల్డ్ సెట్లు మన ఇళ్లలో ఏళ్ల తరబడి మోగాయి. 13.2 వోల్టుల దగ్గర, 4 ఓముల స్పీకర్లతో ఆ చిప్ ఇచ్చేది చానల్‌కు 6 వాట్లు, రెండూ కలిపి 12. రెండు చానళ్లనూ బ్రిడ్జి చేస్తే 19.

ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఇలాంటి సింగిల్ సప్లై బోర్డుకు అందే వోల్టేజీని అదే సంఖ్యతో గుణించి, స్పీకరు ఓములకు ఎనిమిదింతలతో భాగిస్తే చాలు. 12 వోల్టులు, 4 ఓములైతే 144ను 32తో భాగించాలి. నాలుగున్నర వాట్లు. తరంగం కొస తెగకుండా అది ఇవ్వగలిగింది అంతే. ఆ పైన రాసిందంతా కొస నరికి లెక్కపెట్టిందే.

అలాంటి పెట్టె మీదే ‘1000 వాట్స్ పీఎంపీఓ’ స్టిక్కరు మెరుస్తుంటుంది. పీఎంపీఓను ఎలా కొలవాలో అందరూ ఒప్పుకున్న ప్రమాణమంటూ లేదు. ఇలాంటి గారడీ అంకెలతో విసిగిపోయే అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో నిబంధన తెచ్చింది, ఎడతెగకుండా ఇవ్వగలిగే శక్తినే ప్రకటించాలని. కొనేటప్పుడు చూడాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు, ఎన్ని ఓముల దగ్గర, ఎంత డిస్టార్షన్‌తో అన్నదే.

మరి వోల్టేజీ సంగతి? మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్లిఫయర్‌కు 230 బదులు 200 వోల్టులే అందితే శక్తి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. వినడానికి పెద్ద నష్టమే. కానీ డెసిబెళ్లలో అది ఒకటికి కాస్త పైన, చెవికి తెలిసీ తెలియనంత. అంచు మీద ఉన్న ఆంప్లిఫయర్‌ను అది ఇవతలి నుంచి అవతలికి తోయొచ్చు. శుభ్రంగా పలికే సెట్టును మాత్రం పాడుచెయ్యలేదు.

అసలు దోషి తరచూ బేస్ మీట. దాన్ని 6 డెసిబెళ్లు పెంచితే ఆ కింది స్వరాలకు నాలుగింతల శక్తి కావాలి. లౌడ్‌నెస్ బటన్ చేసేదీ ఇదే. సన్నటి శబ్దంలో చెవికి బేస్ సరిగా వినపడదని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లో గ్రాఫులు గీసి చూపించారు. రాత్రిళ్లు సన్నగా వినేటప్పుడు ఆ లోటు పూడ్చడానికే ఆ బటన్. పండగ మోతలోనూ అది నొక్కే ఉంచితే ఆంప్లిఫయర్ మీద అనవసరపు బరువు. ‘మీట సగంలోనే ఉంది, ఇంకా సగం శక్తి మిగిలుంది’ అనుకోవడమూ పొరపాటే. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా 2 వోల్టుల దాకా ఇస్తుంది. చాలా ఆంప్లిఫయర్లు మీట సగానికి రాకముందే పూర్తి శక్తికి చేరుకుంటాయి.

ఎడమది కుడికి, కుడిది ఎడమకు

గీరు ఒక్క పక్కే వినిపిస్తోందా? పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. ఆంప్లిఫయర్ ఆపేసి, వెనక స్పీకరు తీగలను తారుమారు చెయ్యండి. గీరు రెండో స్పీకరులోకి మారితే తప్పు ఆంప్లిఫయర్‌దో దానికి ముందున్నదో. మారకుండా అదే స్పీకరులో ఉండిపోతే తప్పు దానిదే, లేదంటే దాని తీగది. ఇదే వరసలో ప్లేయర్ నుంచి వచ్చే తీగలనూ మార్చి చూడొచ్చు. ఒకసారికి ఒక్కటే మార్చాలన్నది నియమం. రెండు కలిపి మారిస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు.

స్పీకరే అని తేలితే, అనుభవం ఉన్న మెకానిక్ మీటర్ ముట్టుకోకముందే వేళ్లతో చూస్తాడు. సెట్ ఆపేసి, ఊఫర్ కోన్ మీద రెండు పక్కలా వేళ్లు సమంగా ఆనించి, మెత్తగా లోపలికి నొక్కి వదులుతూ చెవి దగ్గర పెడతాడు. చప్పుడు లేకుండా కదిలితే సరే. సర్‌మని రాపిడి వినిపిస్తే లోపలి కాయిల్ పక్కకు ఒరిగి అయస్కాంతానికి రాసుకుంటోంది. తర్వాత కోన్ అంచు చూస్తాడు. ఫోమ్ అంచైతే ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో, మెత్తబడి పొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు ఎక్కువకాలం ఉంటుంది. అంచు పోయినంత మాత్రాన స్పీకరు పోయినట్టు కాదు, కొత్త అంచు అతికించేవాళ్లు, రీకోనింగ్ చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. ట్వీటరును మాత్రం వేలితో నొక్కొద్దు, డోమ్ సొట్టపోతుంది.

ఇంకో మాట. స్పీకరు గీరు అనుకున్నది ఒక్కోసారి షోకేసు అద్దం, గోడమీది పటం, స్పీకరు జాలీ, వదులైన స్క్రూ. పాట నడుస్తుండగానే ఒక్కోదాన్నీ అరచేత్తో అదిమిపట్టండి. దేన్ని పట్టుకుంటే గీరు ఆగిందో అదే దొంగ.

పాటలోనే ఉంటే ఎవరేం చేస్తారు?

పది పాటల్లో మూడే చెవులు కోస్తున్నాయంటే సెట్టును తిట్టి లాభం లేదు. తక్కువ బిట్‌రేటు ఎంపీ3 ఫైళ్లలో పైస్థాయి శబ్దాలు నలిగిపోతాయి. తాళాలు, ‘స’, ‘ష’ శబ్దాలు నీళ్లలో కలిసినట్టు వినిపిస్తాయి. సన్నగా విన్నప్పుడు పట్టదు, పెంచితే బయటపడుతుంది. ఒకసారి కుదించిన ఫైలును మళ్లీ మళ్లీ కుదిస్తూ ఫోన్ల మధ్య పంచుకుంటే చెడు ఇంకా ముదురుతుంది.

డబ్బు పెట్టి కొన్న పాటలకూ ఈ బెడద తప్పలేదు. మన పాటే గట్టిగా వినిపించాలన్న పోటీలో, సీడీలు వచ్చిన తర్వాత రికార్డింగులను అంతకంతకూ పైకి నొక్కేశారు. మెటాలికా 2008లో విడుదల చేసిన ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బం ఇందుకు పేరుమోసింది. సీడీలో తరంగాల కొసలు తెగిపోయి ఉన్నాయని అభిమానులే గోలపెట్టారు. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో అంతగా నొక్కకుండా వచ్చి మేలనిపించాయి. అలాంటి పాటకు ఎంత ఖరీదైన సెట్టయినా చేయగలిగింది లేదు, ట్రెబుల్ కాస్త తగ్గించుకోవడం తప్ప.

ఫోన్లో ఈక్వలైజర్ పెట్టుకున్నవాళ్లు ముందు దాన్ని ఆపేసి వినండి. అసలే నిండుగా ఉన్న డిజిటల్ పాటను ఈక్వలైజర్‌తో ఇంకా పెంచితే, ఆంప్లిఫయర్ దాకా రాకముందే ఫోన్లోనే కొసలు తెగుతాయి.

నున్నటి గచ్చు, బోసి గోడలు

పెంచేకొద్దీ మెల్లగా ముదిరే కరకుదనానికి మన హాళ్లే పెద్ద కారణం. కింద విట్రిఫైడ్ టైల్స్, చుట్టూ పుట్టీ పెట్టిన గోడలు, పైన శ్లాబు, ఒక పక్క నిలువెత్తు అద్దాలు. తాండూరు బండలైనా, చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైటైనా ధ్వనికి ఒక్కటే. తగిలినదాన్ని తగిలినట్టే తిప్పికొడతాయి.

దీనికి లెక్క కట్టినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పిన వాలెస్ సబీన్. 1895లో అక్కడి ఫాగ్ మ్యూజియం ఉపన్యాసాల హాల్లో ఒక్క మాట అంటే అయిదున్నర సెకన్లు మోగేది, వినేవాళ్లకు ముక్క అర్థమయ్యేది కాదు. బాగుచెయ్యమన్నారు. సబీన్ రాత్రిళ్లు పక్క థియేటర్ సీట్ల మెత్తలు మోయించి తెచ్చి, హాల్లో పరిచి, ఆర్గాన్ గొట్టం ఊది, ధ్వని ఎంతసేపటికి చచ్చిపోతుందో గడియారం పట్టి కొలిచాడు. గది ఎంత పెద్దది, అందులో ధ్వనిని పీల్చేవి ఎన్ని అన్న రెండింటితోనే మోత తేలిపోతుందని అలా బయటపడింది.

ఆ సూత్రాన్ని మన ఇంటికి వర్తింపజేద్దాం. 15 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తున్న హాలు. గోడలూ నేలా ధ్వనిలో నూటికి మూడు వంతులే పీలుస్తాయనుకుంటే మోత మూడు సెకన్లకు పైగా నిలుస్తుంది. గృహప్రవేశానికి ముందు ఖాళీ ఫ్లాటులో మాట్లాడినవాళ్లందరికీ అది అనుభవమే. సోఫాలు, మందపాటి పరదాలు, తివాచీ, పుస్తకాల అలమరా చేరి ఆ మూడు వంతులు పదిహేను ఇరవై అయితే మోత అరసెకను దగ్గరికి దిగుతుంది.

గదిదే తప్పా అని తేల్చుకోవడానికి రెండు దారులు. స్పీకరుకు ఒక్క మీటరు దూరంలో కుర్చీ వేసుకుని, వాల్యూమ్ తగ్గించి, చెవి దగ్గర మోత మునుపటంతే ఉండేలా చూసుకుని వినండి. కరకుదనం బాగా తగ్గితే గదిదే పాత్ర. రెండోది, ఇంట్లో ఉన్న దూది పరుపులను తెచ్చి స్పీకర్ల పక్క గోడలకు ఆనించి వినండి. తేడా తెలిస్తే ఆ చోట్లలో మందపాటి పరదాలో, తివాచీలో శాశ్వతంగా వేలాడదీయండి. సరైన చోటు పట్టుకోవడానికి అద్దం చాలు. మీరు సోఫాలో కూర్చుని, ఇంకొకరు గోడ వెంట అద్దం జరుపుతుంటే స్పీకరు ఎక్కడ కనిపిస్తుందో అక్కడే ధ్వని తగిలి మీ వైపు తిరుగుతోంది. కోడిగుడ్ల అట్టలు, థర్మోకోల్ షీట్లు అతికించి ప్రయోజనం లేదు, అవి ధ్వనిని సరిగా పీల్చవు. బీరువా మీదో అటక మీదో ఎక్కిన స్పీకర్లనూ కిందికి దించండి. ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి.

చివరి అనుమానితుడు: చెవి

అన్నీ సరిగా ఉన్నా ఇంట్లో ఒకరికే చెవులు కోస్తుంటే, వాళ్ల మాట కొట్టెయ్యకండి. వయసుతోనో, ఏళ్ల తరబడి మోతలో పనిచేయడంవల్లనో వినికిడి తగ్గినవాళ్లకు సన్నటివి వినపడవు, కాస్త పెంచితే ఒక్కసారిగా భరించలేనంత అవుతాయి. ఇది పేచీ కాదు, వినికిడి లోపానికి తెలిసిన లక్షణం. ఆడియాలజిస్ట్ దగ్గర పరీక్ష చేయించడం మంచిది.

పెద్దల చెవికి 80 డెసిబెళ్ల మోత వారానికి 40 గంటల దాకా ఫరవాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 90 దగ్గర వారానికి నాలుగు గంటలే మిగులుతాయి. పాట ఆపాక చెవుల్లో గుయ్‌మంటే ఆ రోజుకు పరిమితి దాటినట్టే.

పావుగంట పరీక్ష

• బేస్, ట్రెబుల్ మధ్యలో పెట్టండి. లౌడ్‌నెస్, ఈక్వలైజర్ ఆపండి. గీరు పోతే అంతటితో సరి.

• బాగా తెలిసిన, మంచి రికార్డింగు ఉన్న పాటలు రెండు మూడు పెట్టండి. కొన్నింటికే చెడితే తప్పు పాటలో.

• మెల్లగా పెంచండి. చటుక్కున చెడితే ఆంప్లిఫయర్, స్పీకరు, లేదా అదిరే వస్తువు. క్రమంగా ముదిరితే గది, స్పీకరు పెట్టిన చోటు, చెవి.

• ఒక్క పక్కే అయితే సెట్ ఆపి తీగలు తారుమారు చేయండి.

• ఒకే ఆంప్లిఫయర్‌కు అదనపు జత స్పీకర్లు కలిపారా? 8 ఓముల రెండు స్పీకర్లు పక్కపక్కన కలిస్తే 4 ఓములవుతాయి. మీ ఆంప్లిఫయర్ అంత భారం మోస్తుందో లేదో వెనక రాసి ఉంటుంది.

• మీటరు దూరంలో కూర్చుని వినండి. బాగుంటే డబ్బు పరదాల మీద పెట్టండి, పెట్టెల మీద కాదు.

బాగైతే జాగ్రత్త!

ఇన్నీ చేసి గీరు పోగొట్టాక ఒక కొత్త ఇబ్బంది మొదలవుతుంది. పాట ఎంత గట్టిగా ఉందన్నది మన మెదడు డెసిబెళ్లతోనే తేల్చదు, గీరును బట్టి కూడా అంచనా వేస్తుంది. చిన్న సెట్టు 85 దగ్గర అరుస్తుంటే ‘అమ్మో, తగ్గించు’ అంటాం. పెద్ద సెట్టు 95 దగ్గర శుభ్రంగా పాడుతుంటే ‘ఇంకొంచెం పెంచు’ అంటాం. ఇన్నాళ్లూ చెవులు కోసిన ఆ కరకుదనమే ఒక రకంగా మనకు కాపలా కాసింది. దాన్ని తీసేశాక హద్దు మనమే గీసుకోవాలి.

ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని, సోఫా దగ్గర సగటు 80 డెసిబెళ్లు చూపించే చోట వాల్యూమ్ మీట పక్కన ఒక బొట్టుబిళ్ల అతికించండి. యాప్ లెక్క కాస్త అటూఇటూ అయినా, ఏ లెక్కా లేకపోవడం కంటే మేలు. రాత్రి పది దాటాక ఆ బిళ్ల కూడా ఎక్కువే. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు పెట్టిన ప్రమాణం. పక్కింటి కిటికీ మన గోడకు అవతలే ఉంది.

బిళ్ల దాటితేనే గానీ పాటలో ఊపు రావట్లేదని ఎవరైనా పట్టుబడితే, సోఫాను మూడు మీటర్ల నుంచి ఒకటిన్నరకు జరపండి. గదిని బట్టి మూడు నాలుగు డెసిబెళ్లు కలిసొస్తాయి. ఆంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేస్తే వచ్చే లాభం కూడా అంతే. తేడా ఒక్కటే, సోఫా జరపడానికి పైసా ఖర్చు కాదు.